గిన్నెల మిషన్లో రొయ్య మీసం

వాసనను ముందుగా పసిగట్టింది మా అత్తగారు. పొద్దున్నే కాఫీ కలుపుకుందామని వంటింట్లోకి రాబోయి, గుమ్మం దగ్గరే ఆగిపోయి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"ఇంట్లో ఏదో చచ్చిందమ్మాయ్" అన్నారు.

ఎలకేమో అనుకున్నాను. సింకు కింద బకెట్టు జరిపి చూశాను. ఫ్రిజ్ వెనక టార్చి వేసి చూశాను. గ్యాస్ బండ కదిపాను. ఎలకా లేదు, బల్లీ లేదు. చివరికి డిష్‌వాషర్ తలుపు తీశాను. గుప్పున మొహం మీదికి కొట్టింది. పులిసిపోయిన పప్పునీళ్లు, తడిసి ముక్కిన గోనెసంచి, వాటితోపాటు ఇంకేదో వాసన. అది మా ఇంట్లో ఎప్పుడూ ఎరగనిది. తలుపు ఠక్కున మూసేసి సింకు అంచు పట్టుకుని నిలబడ్డాను. ఇంకా కాఫీ తాగలేదు కాబట్టి సరిపోయింది.

మేము గుడివాడలో ఒక అపార్ట్‌మెంటులో మొదటి అంతస్తులో ఉంటాం. కింద పార్కింగు, మాకు పైన మరో మూడు అంతస్తులు. నేను జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. మా ఆయన ఆఫీసు బందరులో. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరతారు. అత్తగారిది దివిసీమ, అవనిగడ్డ దాటాక ఒక పల్లె. ఎనభైకి దగ్గర పడుతున్నా తన కంచం తనే కడిగి వేరే బోర్లించుకుంటారు. మా ఇంట్లో ఉల్లిపాయకే నెలలో సగం రోజులు సెలవు. ఇక నీచు సంగతి చెప్పనే అక్కర్లేదు.

అంట్లు తోమే ఆవిడ మోకాళ్ల నొప్పులతో మానేశాక, ఇంకెవరూ దొరక్క, నేనే పట్టుబట్టి ఆ మిషను కొనిపించాను. అత్తగారికి అది మొదటినుంచీ ఇష్టం లేదు.

"అందరి ఎంగిలీ ఒక పెట్టెలో పెట్టి, తలుపేసి, ఆ ఎంగిలినీళ్లే వాటిమీద చల్లుతుందా?" అని అడిగారు.

"కాదత్తయ్యా, కొత్త నీళ్లు పట్టుకుంటుంది. వేణ్నీళ్లతో కడుగుతుంది. మురికినీళ్లు బయటికి తోసేస్తుంది" అని క్లాసులో పాఠం చెప్పినట్టు చెప్పాను. ఆవిడ వాదించలేదు. తన కంచం మాత్రం ఒక్కనాడూ అందులో పెట్టనివ్వలేదు.

ఆ రోజు రెండో శనివారం కాబట్టి మా ఆయన ఇంట్లోనే ఉన్నారు. పేపరు పక్కన పెట్టి, లుంగీ ఎగ్గట్టి, మిషన్ ముందు గొంతుక్కూర్చున్నారు. కింది అర బయటికి లాగితే అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి. రాత్రి కడగడం అయిపోయాక బయటికి పోవలసిన నీళ్లు. బియ్యం కడిగిన నీళ్లలో బూడిద కలిపినట్టున్నాయి. పైన మీగడలా ఒక పొర కట్టింది. ఆయన గ్లాసుతో ఆ పొర పక్కకు తోసి నీళ్లు తోడుతుంటే, ముడుచుకుని మళ్లీ గ్లాసు అంచుకే అతుక్కుంటోంది. ఆ గ్లాసుతో ఆయన రోజూ మజ్జిగ తాగుతారు. తర్వాత దాన్ని నేను చెత్తబుట్టలో పడేశాను.

"ఫిల్టర్ తియ్యాలి. పుస్తకంలో అలానే ఉంది" అన్నారాయన.

"మీరే తియ్యండి. నా వల్ల కాదు" అన్నాను.

మొహం పక్కకు తిప్పుకుని, చెయ్యి లోపలికి పెట్టి, ఫిల్టర్‌ను తిప్పి ఊడదీశారు. అది స్టీలు జల్లెడతో చేసిన గొట్టం. ఊడి వస్తూ బురదలోంచి కాలు లాగినట్టు చప్పుడు చేసింది. పాత పేపరు పరిచి దానిమీద దులిపాం. చింతపండు పీచు. కరివేపాకు ఈనెలు. నిమ్మగింజలు. మెత్తబడి లావెక్కిన మెతుకులు. అవన్నీ మేము తిన్నవే, మా కంచాల్లోంచి పోయినవే. అయినా చూస్తుంటే ఒళ్లు జలదరించింది. నోట్లో ఉన్నప్పుడు అన్నమే. ఇక్కడికొచ్చేసరికి ఇలా అయింది.

ఆ ముద్దలోంచి ఒక ఎర్రటి పోగు బయటికి పొడుచుకొచ్చింది. జానెడు పొడవుంటుంది. చీపురుపుల్ల అనుకుని వేళ్లతో పట్టి లాగాను. పుల్ల అయితే విరగాలి, ఇది వంగింది. గణుపులు గణుపులుగా ఉంది, తీగలా ఉంది. ఏ మొక్కదో అర్థం కాలేదు. ఇరవై ఏళ్లుగా పిల్లలకు మొక్కల గురించి చెబుతున్నదాన్ని, దాన్ని వెలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూశాను.

గుమ్మంలోంచి అత్తగారు అన్నారు. "పారెయ్యి దాన్ని. రొయ్య మీసం."

నా చేతిలోంచి జారిపోయింది.

"మీకెలా తెలుసు?"

"మా ఊళ్లో తెలియనిదెవరికి? రోడ్డు పొడుగునా పట్టాలు పరిచి ఎండబెట్టేవాళ్లు. బడికి వాటిమధ్యలోంచే పోయేదాన్ని" అన్నారు. ఆవిడ గొంతు పెంచలేదు. నా వంక చూడలేదు, కొడుకు వంక చూశారు. "ఇంట్లోకి ఎలా వచ్చింది?"

మా ఆయన ఫిల్టరు చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. చేతుల నుంచి నీళ్లు కారి నేలమీద పడుతున్నాయి. ఆయన ఒక్క మాట, నాకు తెలియదు అంటే చాలు. అదే నిజం కూడా. కానీ ఆయన మొహం పాలిపోయింది.

"అమ్మా, నేను ఇంటికెప్పుడూ తేలేదు. ఒట్టు. ఆఫీసులో వాళ్లు తెస్తే అక్కడే తింటాను. చేతులు సబ్బుతో కడుక్కునే వస్తాను."

పైన ఎవరి ఇంట్లోనో మిక్సీ తిరుగుతోంది.

"తింటాను" అన్నారు. ఎప్పుడో తిన్నాను అని కాదు. ఆ మాట ముందుగా నాకు తగిలిందో, అత్తగారికి తగిలిందో తెలియదు. ఆవిడ వెనక్కి తిరిగి తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు.

"ఎన్నాళ్లనుంచి?" అని నేను అడిగాను.

"ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ. చేపలు కూడా" అన్నారు. అడగనిది కూడా చెప్పారు.

నేను పేపరు మడిచి, కవర్లో పెట్టి, ఆ కవరు ఇంకో కవర్లో పెట్టి కిందికి తీసుకెళ్లి పడేసి వచ్చాను. చేతులు మూడుసార్లు కడుక్కున్నాను. మా పెళ్లయినప్పటినుంచి ఆయన పక్కనే పడుకున్నాను, ఆయన తిని వదిలిన కంచంలోనే తిన్న రోజులున్నాయి. నాకు ఎప్పుడూ ఏ వాసనా రాలేదు. రానందుకు నా ముక్కుమీదే కోపమొచ్చింది.

ఆ పూట అత్తగారు రెండు అరటిపళ్లు తిని ఊరుకున్నారు. నేను అన్నం వండాను గానీ, కంచం ముందు కూర్చునేసరికి అడుగున ఆ పొర కనిపించినట్టయింది. ఆ కంచం కూడా ఆ మిషన్లో కడిగిందే. రాత్రి కడిగింది, మొన్న కడిగింది, అంతకుముందు వారమంతా కడిగింది. ఎన్నాళ్లనుంచి ఇలా ఉందో ఎవరికి తెలుసు? లేచి కంచం సింకులో పెట్టేశాను. మా ఆయన ఒక్కరే తిన్నారు, తలొంచుకుని, చప్పుడు చెయ్యకుండా.

సాయంత్రం ఆయన మిషన్ లోపలంతా పాతగుడ్డతో తుడిచారు. సోడా, నిమ్మరసం వేసి రుద్దారు. అడుగున ఒక్క చుక్క లేకుండా ఆరబెట్టి తలుపు మూశారు. ఎవరూ మిషను వెయ్యకూడదనుకున్నాం. ఆదివారం పొద్దున తలుపు తీసి చూస్తే మళ్లీ నీళ్లు. నిన్నటికంటే ఎక్కువ. పైన నురగ తేలుతోంది, నురగమీద ఒక రొయ్య డొప్ప, పల్చగా, గులాబీరంగులో, గోరంత ఉంది.

అప్పుడు నాకు భయమేసింది. రాత్రి ఎవరూ మిషను ముట్టుకోలేదు. మా ఆయన నా మొహం చూసి, "నేను కాదు" అన్నారు. ఆ మాట వినగానే నవ్వు రావలసింది. రాలేదు.

సోమవారం నేను కాలేజీకి సెలవు పెట్టాను. బందరు నుంచి మెకానిక్ వచ్చాడు. నలభై దాటిన మనిషి, నుదుటిమీద చెమట, భుజాన బరువైన సంచి. వంటింట్లోకి రాగానే ముక్కు చిట్లించి, "వాసన బలంగానే ఉందండీ" అన్నాడు. మా ఆయన ఆఫీసుకు వెళ్లిపోయారు. అత్తగారు తన గదిలోంచి బయటికొచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. శనివారం తర్వాత ఆవిడ వంటింటివైపు రావడం అదే మొదలు.

అతను మోటారు చూశాడు, బానే ఉందన్నాడు. మిషను ముందుకు లాగి, వెనక నుంచి సింకు గొట్టంలోకి పోయే పైపు ఊడదీసి బకెట్టులో పెట్టి, మీట నొక్కాడు. నీళ్లు జరజరా బకెట్టులోకి వచ్చేశాయి.

"మిషన్లో లోపం లేదండి. బయటికి తోస్తోంది. మరి ఎందుకు పోవట్లేదు?" తనని తనే అడుక్కుని పైపును మళ్లీ సింకు గొట్టంలో దూర్చాడు. మిషను ఆపేసి, తలుపు తెరిచి, లోపల టార్చి వేసి నేలమీద కూర్చున్నాడు. "ఒక్క పది నిమిషాలు చూద్దామండి."

నేనూ వంగి చూశాను. మొదట ఏమీ లేదు. తర్వాత అడుగున ఉన్న కన్నంలోంచి గుడగుడమని చప్పుడు వచ్చింది. ఒక బుడగ పైకొచ్చి పగిలింది. దాని వెనక నీళ్లు, మెల్లగా, ఎవరో లోపలినుంచి నోరు పుక్కిలించి ఉమ్మినట్టు. సబ్బు నురగ, ఉల్లిపొట్టు, పసుపురంగు నూనె చుక్కలు. మా సింకులో కొళాయి కట్టేసి ఉంది. మా ఇంట్లో ఆ రోజు ఉల్లిపాయ తరగనే లేదు.

కొంగు నోటికి నొక్కుకున్నాను. బాల్కనీలోకి పరిగెత్తాను.

తిరిగొచ్చేసరికి అతను లేచి నిలబడి పైకప్పు వంక చూస్తున్నాడు. "పైన ఎవరుంటారమ్మా?"

"వాళ్లది కృత్తివెన్ను. రొయ్యల చెరువులున్నాయి వాళ్లకి."

"వంటింటి పైపు అందరిదీ ఒకటే కదండీ. అది కింద ఎక్కడో మూసుకుపోయింది. పైవాళ్లు వాడిన నీళ్లు కిందికి పోక, మొట్టమొదట దొరికిన దారిలో లోపలికి వస్తున్నాయి. ఆ దారి మీదేనండి. సింకులోకి రావాలంటే ఎత్తెక్కాలి. ఈ పైపు నేలమీద పడుంది కాబట్టి ముందు దీంట్లోకి వస్తున్నాయి."

"అంటే మేము కంచాలు కడిగింది..."

అతను టార్చి ఆర్పి సంచిలో పెట్టుకున్నాడు. "మొదటిసారి తిప్పేటప్పుడు అడుగున ఉన్న నీళ్లతో కలిపే కొడుతుందండి. తర్వాత మంచినీళ్లతో కడుగుతుందనుకోండి" అన్నాడు, నన్ను ఓదార్చడానికి.

అత్తగారు బల్ల దగ్గరనుంచి అంతా వింటున్నారు. నేను చెప్పులేసుకుని పై అంతస్తుకు వెళ్లాను. తలుపు తీసింది ఆ ఇంటి కోడలు. ముప్పై ఏళ్లుంటాయి, చేతులు తడిగా ఉన్నాయి. ఆమె వెనక వంటింట్లో సింకు నిండా ఒలిచిన రొయ్యలు కనిపించాయి. ఎంత కోపంతో మెట్లెక్కానో, ఆమెను చూడగానే ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఒక్కసారి కిందికి రామ్మా. చూపిస్తాను" అన్నాను.

వచ్చి చూసింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"పిన్నిగారూ! ఇవి మా సింకులో నీళ్లా? మా ఎంగిలి మీ గిన్నెల్లోకా?" ఆమె కళ్లనిండా నీళ్లొచ్చాయి. "నేను చచ్చిపోవాలండీ సిగ్గుతో. బామ్మగారు మొన్న మెట్లమీద నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. ఎందుకో అనుకున్నా. చెప్పొచ్చు కదండీ!"

"మాకూ ఇప్పుడే తెలిసింది" అన్నాను. అత్తగారు మొహం తిప్పుకున్నది ఆమెను చూసి కాదని, ఆ రోజుల్లో ఆవిడ ఎవరి మొహమూ చూడటం లేదని నేనెలా చెప్పను?

ఆమె వెంటనే మామగారికి ఫోన్ చేసింది. సాయంత్రానికల్లా వాళ్లే ప్లంబరును పిలిపించారు. అతను పార్కింగులో స్కూటర్లు జరిపించి, గోడవారన ఉన్న మురుగునీళ్ల చాంబర్ మూత గడ్డపారతో లేపాడు. బొద్దింకలు గోడమీదికి ఎగబాకాయి. కంపుకు మూడో అంతస్తు కిటికీలు టపటపా మూసుకున్నాయి. మా ఆయన అప్పుడే బస్సు దిగి వచ్చారు. జేబురుమాలు ముక్కుకు కట్టుకుని నిలబడ్డారు. అత్తగారు కూడా మెట్లు దిగి, ఆఖరి మెట్టు మీద ఆగారు. వద్దన్నా వినలేదు.

ప్లంబరు పొడవాటి వెదురుబద్ద పైపులోకి తోసి, గుచ్చి, తిప్పి లాగాడు. రాలేదు. మళ్లీ తోశాడు. మూడోసారికి ఒక ముద్ద బయటపడింది. చిన్న కొబ్బరికాయంత ఉంది. తెల్లగా, పచ్చగా, సగం గడ్డకట్టిన నెయ్యిలా మెరుస్తోంది. అది పడగానే పైపులో ఆగి ఉన్న నీళ్లన్నీ ఒక్కసారిగా దూకాయి. మా ఆయన ప్యాంటు మోకాళ్లవరకూ తడిసింది.

"కొవ్వండి ఇది. మాంసం వండేవాళ్ల సింకుల్లో ఇంతేనండి" అని ఎవరో వెనకనుంచి అన్నారు. పైఇంటి కోడలు తల దించుకుంది.

ప్లంబరు ముద్దను బద్దతో చీల్చాడు. లోపలంతా దూది. నూనెలో నాని, నల్లబడి, ఒకదానికొకటి పెనవేసుకున్న పువ్వొత్తులు. ఒకటో రెండో కాదు, వందలున్నాయేమో. మొదళ్లలో పసుపురంగు ఇంకా పూర్తిగా పోలేదు. ఈ అపార్ట్‌మెంటులో పసుపునీళ్లలో ముంచి పువ్వొత్తులు చేసే మనిషి ఒక్కరే ఉన్నారు. రోజూ మధ్యాహ్నం బాల్కనీలో కూర్చుని చేస్తారు. కార్తీకంలో డబ్బాలకొద్దీ చేస్తారు. దీపాలు కొండెక్కాక కుందులు మా సింకులోనే కడుగుతారు. మడి నీళ్లు కదా, ఎవరూ అడ్డు చెప్పరు.

అందరూ చూస్తున్నారు గానీ ఎవరికీ అర్థం కాలేదు. నాకూ మా ఆయనకూ అర్థమైంది. ఇద్దరం తల ఎత్తలేదు.

అత్తగారు ఆ మెట్టు దిగి ముందుకొచ్చారు. వంగి చూశారు.

"ఆ ఒత్తులు నావే" అన్నారు, అందరికీ వినబడేలా. తర్వాత పైఇంటి అమ్మాయి వైపు తిరిగి, "నీదేం తప్పులేదమ్మా. దారి మూసింది నేను" అన్నారు. అంతే. రైలింగు పట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయారు. ఆ మెట్లెక్కడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది.

ఆ ముద్దలో మా ఇంటి నెయ్యి, మా నూనె, మా తిరగమోత ఆవాలు ఎంత ఉన్నాయో నేను లెక్కపెట్టలేదు. చూసింది చాలు. మర్నాడు మెకానిక్ ఫోన్లో చెప్పినట్టు, మిషన్ వెనక పైపును వంటగట్టు కిందివరకు ఎత్తి, వంపు తిప్పి కట్టించాం. ఇక కింద నీళ్లు నిలిచినా లోపలికి రావన్నాడు. ఇంట్లో ఉన్న స్టీలు సామానంతా పెద్ద గుండిగలో వేసి మరగబెట్టాను. ప్లాస్టిక్కువి పారేశాను. అత్తగారు ఒత్తులకు బాల్కనీలో ఒక డబ్బా పెట్టుకున్నారు.

పైఇంటి అమ్మాయి ఇప్పుడు రొయ్యలు ఒలిచే రోజున ముందే ఫోన్ చేస్తుంది. "పిన్నిగారూ, ఇవాళ కడుగుతున్నానండీ" అని. అవసరం లేదని ఎన్నిసార్లు చెప్పినా మానదు. నేను ఫోన్ పెట్టేసి, వద్దనుకుంటూనే వెళ్లి మిషన్ తలుపు తీసి అడుగు చూస్తాను. పొడిగానే ఉంటుంది. అయినా అందులోంచి తీసిన కంచాన్ని కొళాయి కింద పట్టి మళ్లీ కడిగితే గానీ అన్నం పెట్టుకోలేను. అలాంటప్పుడు మిషనెందుకని మా ఆయన ఒకసారి అన్నారు. నేను ఆయన వంక చూశాను.

ఆదివారాలు మా ఇంట్లో కొత్త పచ్చడి కలిపినప్పుడు, అత్తగారు వేడన్నంలో నెయ్యి వేసి కలిపి, మొదటి ముద్ద కొడుకు చేతిలో పెట్టేవారు. ఆయన యాభై దాటాక కూడా చిన్నపిల్లాడిలా చెయ్యి చాపేవారు. మొన్న గోంగూర పచ్చడి చేశాను. ఆవిడ కలిపారు, నాకో ముద్ద పెట్టారు, తను తిన్నారు. ఆయన చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉంచి, తర్వాత నీళ్ల గ్లాసు అందుకున్నారు.

ఆ రాత్రి నాతో "మానేశాను" అన్నారు. నిజమేనా అని నేను అడగలేదు. దుప్పటి సర్దుకుని అటు తిరిగి పడుకున్నాను.